స్క్వాక్ కోడ్‌లో ఎనిమిది ఉండదు

రాత్రి పదకొండున్నరకి అమ్మ తలుపు తోసుకొచ్చి "ఎవలతోరా ఈ టైంల ఇంగ్లీషుల ముచ్చట" అంది. నేనేమో హెడ్‌సెట్ పెట్టుకుని శంషాబాద్‌లో గేట్ దగ్గర ఏ320 విమానం కాక్‌పిట్‌లో ఉన్నా, అంటే నిజాంపేటలో మా ఫ్లాట్‌లో ప్లాస్టిక్ కుర్చీలో, కంప్యూటర్‌లో ఫ్లైట్ సిమ్యులేటర్ ఆట ముందు. "టవర్‌తో అమ్మా" అన్నా. సెల్ టవర్ అనుకుంది పాపం, "సిగ్నల్ వస్తలేదా" అనుకుంటూ పోయింది.

విమానం ఎగరేయడం, దింపడం రెండు మూడు నెలల్లో వచ్చేసింది. మాట్లాడటం దగ్గరే ఏడాది పట్టింది.

మొదట్లో సిమ్యులేటర్‌లో దానంతటదే వచ్చే ఏటీసీతోనే లాగించా, ఏటీసీ అంటే కింద నుంచి విమానాలకి దారి చెప్పే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్. దాంట్లో నోరు తెరిచే పనే లేదు, స్క్రీన్ మీద ఒకటి రెండు మూడు అని ఆప్షన్లు వస్తాయి, ఏదో ఒకటి నొక్కితే మన తరఫున అదే మాట్లాడేస్తుంది. హాయిగానే ఉంటుంది, కిందకి దిగే టైం వచ్చేదాకా. బెంగళూరు ఫ్లైట్ అనుకోండి, పైన 32,000 అడుగులు, అక్కడ ఎయిర్‌పోర్టే సుమారు 3,000 అడుగుల ఎత్తులో ఉంది, అంటే దిగాల్సింది 29 వేలు. వెయ్యి అడుగులకి మూడు నాటికల్ మైళ్లు అనేది మోటు లెక్క, ఆ లెక్కన 87 మైళ్ల ముందే దిగడం మొదలెట్టాలి. ఈ మహానుభావుడు నలభై మైళ్లు వచ్చేదాకా ఉలకడు పలకడు, ఆ తర్వాత ఒకేసారి దిగు దిగు అని ప్రాణం తీస్తాడు. బస్సు స్టాప్ దాటాక బెల్లు కొట్టే కండక్టర్ టైపు.

అందుకే వాట్‌సిమ్ అనే ఆన్‌లైన్ నెట్‌వర్క్‌కి మారా. 2001 నుంచి నడుస్తోంది, పైసా కట్టక్కర్లేదు, మనం పైలట్లం అయితే అవతల రాడార్ ముందు ఇంకో మనిషి కంట్రోలర్‌గా కూర్చుంటాడు, ట్రైనింగ్ అయి, పరీక్ష పాసై, ఊరికే ఇష్టం కొద్దీ వచ్చేవాళ్లే అందరూ. మనిషి అనగానే నాకు గొంతు ఎండిపోయింది. రెండు వారాలు మైక్ నొక్కకుండా వినడమే. ఇంటర్వ్యూలకి కూడా అంత భయపడలేదు నేను.

మొదటిరోజు క్లియరెన్స్, అంటే బయల్దేరడానికి రూట్ పర్మిషన్, అడిగా. నా కాల్‌సైన్ ఐఫ్లై, ఇండిగో వాళ్లు రేడియోలో వాడేది అదే. నేను ఫ్లైట్ ప్లాన్‌లో రాసిందేమో 310 లెవెల్, అంటే 31 వేల అడుగులు. అతను చాలా మర్యాదగా 320 ఓకేనా అన్నాడు. తూర్పు సగంలోకి వెళ్తే బేసి లెవెల్, పడమటి సగంలోకి వెళ్తే సరి. బెంగళూరు వైపు దిశ 180 డిగ్రీలు, అంటే నేరుగా దక్షిణం, దాటుతుంది, కొంచెమే అనుకోండి, కానీ దాటితే దాటినట్టే, పడమటి లెక్కలోకే వస్తుంది. ఆ కంగారులోనే స్క్వాక్ కోడ్ చెప్పాడు, రాడార్‌లో మన విమానాన్ని గుర్తుపట్టడానికి ఇచ్చే నాలుగంకెల నంబర్ అది, విన్నది విన్నట్టు నేను తిరిగి చదివా: ఫోర్ టూ ఎయిట్ వన్. రెండు సెకన్లు నిశ్శబ్దం. తర్వాత నవ్వు ఆపుకుంటున్న గొంతుతో "నెగటివ్, ఫోర్ టూ సెవెన్ వన్". అప్పుడు కిందకి చూసుకుంటే ఆ కోడ్ నొక్కే ట్రాన్స్‌పాండర్ మీద ఎనిమిదే లేదు! సున్నా నుంచి ఏడు వరకే అంకెలు, అందుకే మొత్తం కోడ్‌లు 4,096. లేని అంకెని నేను అంత ధీమాగా ఎట్లా పలికానో ఆ దేవుడికే తెలియాలి.

ఆ రాత్రి నుంచి పక్కన పెన్నూ కాగితం. వాళ్లు చెప్పే వరస దాదాపు ఎప్పుడూ ఒకటే, ఎక్కడికి, ఏ రూట్, ఏ ఎత్తు, ఏ కోడ్. వరస తెలిస్తే సగం మాటలు రాకముందే వినబడతాయి, మిగతాది అర్థం కాకపోతే "సే అగైన్" అనడమే, ఎవరూ ఏమీ అనుకోరు. యాస గురించి కూడా బెంగ అక్కర్లేదు. స్కూల్లో మా ఇంగ్లీషు సారు థ్రీ అని పలకలేదని చెవి మెలేసేవాడు, రేడియోలో రూలే "ట్రీ" అనమని, ఫైవ్ కాదు "ఫైఫ్", నైన్ కాదు "నైనర్". ఆ సారు కనిపిస్తే చెప్పాలి.

ఆటకి ఇంత సీన్ అవసరమా అని ఆఫీసులో ఫ్రెండ్స్ అంటారు. 1996 నవంబర్ 12న చర్ఖీ దాద్రీ మీద సౌదీ విమానం 14,000 అడుగుల్లో ఉంది, ఎదురుగా వస్తున్న కజకిస్థాన్ విమానాన్ని 15,000 దగ్గర ఆగమన్నారు, అది ఆగకుండా ఇంకా కిందకి వచ్చేసింది, 349 మంది పోయారు. కజక్ విమానంలో కంట్రోలర్‌తో మాట్లాడింది పైలట్ కాదు, వెనక కూర్చున్న రేడియో ఆపరేటర్. అది చదివాక ఎత్తు తప్పు చదివితే నాకే ఒంట్లో ఏదోలా ఉంటోంది, కింద ఉన్నది నా కంప్యూటరే అయినా.

ఏఐతో మాట్లాడే ఏటీసీలు కూడా వచ్చాయిప్పుడు. ఒకటి ట్రై చేశా, బానే అర్థం చేసుకుంటుంది, కానీ నా తప్పుకి నవ్వాపుకోదు. వాట్‌సిమ్‌లో కంట్రోలర్ ఎవరూ లేని రాత్రులు మాత్రం 122.8 అనే ఉమ్మడి ఫ్రీక్వెన్సీ మీద నాకు నేనే చెప్పుకుంటూ దిగుతా.

మొన్న ఆదివారం పొద్దున టవర్ ఆన్‌లైన్‌లో ఉంది కదా అని కూర్చున్నా. పుష్‌బ్యాక్, అంటే విమానాన్ని గేట్ నుంచి వెనక్కి నెట్టించుకోవడానికి పర్మిషన్, అడగడానికి మైక్ బటన్ నొక్కి పట్టుకున్నా, సరిగ్గా అప్పుడే వంటింట్లో కుక్కర్ కూసింది. కంట్రోలర్ ఒక్క క్షణం ఆగి, అదేం వార్నింగ్, ఇంజన్ కండిషన్ ఏంటో చెప్పమన్నాడు. కందిపప్పు అన్నా. రెండో విజిల్ వచ్చేసరికి పుష్‌బ్యాక్ ఇచ్చాడు.