విదేశాలకు పోయే కాగితం: నోటరీ ముద్ర ఎంతదూరం పనిచేస్తుంది

"ఒక నోటరీ కొట్టించియ్యండి సార్, అమెరికాకు పంపాల." తిరుపతిలో కోర్టు చుట్టుపక్కలైనా, చిత్తూరులోనైనా రోజూ వినిపించే మాటే. ముద్ర కొట్టడం ఐదు నిమిషాల పని. దానికంటే ముందు తేలాల్సినవి మూడున్నాయి: ఏ దేశం, ఆ దేశంలో ఏ ఆఫీసు, వాళ్లు రాతపూర్వకంగా ఏమడిగారు. ఆ మెయిలో, ఫారమో చూడకుండా స్టాంప్ పేపర్ కొన్నారంటే చాలాసార్లు ఆ పేపరు దండగే.

నోటరీ ముద్ర విదేశంలో ఎవరికీ తెలియదు. 1956 నోటరీ నియమాల ప్రకారం అది 5 సెంటీమీటర్ల గుండ్రటి ముద్ర. అందులో నోటరీ పేరు, పనిచేసే ప్రాంతం, రిజిస్ట్రేషన్ నంబరు ఉంటాయి. దాన్ని రాష్ట్ర ప్రభుత్వ అధికారి గుర్తించాలి. ఆ అధికారి సంతకాన్ని కేంద్ర విదేశాంగ శాఖ గుర్తించాలి. విదేశాంగ శాఖ సంతకాన్ని అవతలి దేశం గుర్తిస్తుంది. ఏ మెట్టు మీదున్న అధికారైనా చూసేది తనకు ముందున్న సంతకాన్నే, లోపల రాసింది నిజమా కాదా అని ఎవరూ చూడరు. ఎక్కడ ఆగిపోయినా కారణం చాలాసార్లు ఒకటే: ముందు సంతకం నమూనా వాళ్ల దగ్గర లేకపోవడం, లేదా ఉన్న నమూనాతో కలవకపోవడం.

చదువు సర్టిఫికెట్లు రాష్ట్ర విద్యాశాఖ ద్వారా పోవాలి. బర్త్, మ్యారేజ్ సర్టిఫికెట్లూ అఫిడవిట్లూ హోం శాఖ లేదా సాధారణ పరిపాలన శాఖ ద్వారా పోతాయి. వ్యాపార పత్రాలకు చాంబర్ ఆఫ్ కామర్స్ ఉంది. ఆ తర్వాతే విదేశాంగ శాఖ. అక్కడ మనం నేరుగా ఇస్తే 2012 నుంచి తీసుకోవడం లేదు, అనుమతి ఉన్న ఏజెన్సీల ద్వారానే ఇవ్వాలి. 2019 నుంచి హైదరాబాద్, చెన్నై, బెంగళూరుతో కలిపి 15 నగరాల్లో ఈ పని జరుగుతోంది కాబట్టి ఢిల్లీ దాకా కొరియర్ అక్కర్లేదు. అపోస్టిల్ అంటే విదేశాంగ శాఖ కాగితం మీద అంటించే ధ్రువీకరణ స్టిక్కర్; దానికి ప్రభుత్వ రుసుం కాగితానికి 50 రూపాయలు. ఏజెన్సీ సర్వీస్ చార్జీ, స్కానింగ్ కలిపినా పెద్ద మొత్తమేమీ కాదు. ఊళ్లో ఎవరైనా వేలల్లో అడిగితే, అందులో ఎక్కువ భాగం తిరిగే శ్రమకేనని గుర్తుపెట్టుకుని బేరమాడండి.

అపోస్టిల్ ఏ దేశాలకు చెల్లుతుందన్న దగ్గరే జనం ఎక్కువ తికమక పడతారు. 1961 హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాలకు అపోస్టిల్ ఒక్కటి చాలు. మన దేశానికి ఇది 2005 జులై 14 నుంచి అమల్లో ఉంది. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా ఎప్పటినుంచో ఉన్నవే. సౌదీ 2022 డిసెంబర్‌లో, కెనడా 2024 జనవరిలో చేరాయి. పాత అలవాటు కొద్దీ సౌదీకి ఇంకా ఎంబసీ స్టాంపింగ్ అని డబ్బు గుంజేవాళ్లున్నారు, అడిగి తెలుసుకోండి. కువైట్, ఖతార్, యూఏఈ ఒప్పందంలో లేవు. వాటికి విదేశాంగ శాఖ మామూలు అటెస్టేషన్, దాని మీద ఆ దేశ ఎంబసీ ముద్ర, అక్కడ దిగాక వాళ్ల విదేశాంగ శాఖ ముద్ర, ఇలా వరస నడవాలి. మన వైపు నుంచి కువైట్‌కు పోయేవాళ్లు ఎక్కువ కాబట్టి ఇది నోటికి వచ్చుండాలి. జర్మనీది మరో తిరకాసు. ఒప్పందంలో ఉంది గానీ మన దేశం చేరడంపై అభ్యంతరం చెప్పింది. అందుకని అక్కడికి పోయే కాగితానికి అపోస్టిల్ చేయించేముందు జర్మన్ కాన్సులేట్ సూచన చదవాలి.

అసలు ముద్రే అక్కర్లేని చోట్లూ ఉన్నాయి. పాస్‌పోర్ట్ అనెక్చర్లు, అంటే దరఖాస్తుతో జతచేసే ప్రకటనలు, 2016 డిసెంబర్ మార్పుల తర్వాత తెల్లకాగితం మీద మనమే సంతకం పెట్టి ఇస్తే సరిపోతుంది. అయినా ఇప్పటికీ వాటికి స్టాంప్ పేపర్ కొని, నోటరీ చేయించి తీసుకెళ్లేవాళ్లు ఉన్నారు. అమెరికా ఇమిగ్రేషన్‌కు తెలుగు పత్రం అనువాదం ఇవ్వాలంటే, అనువాదం చేసినవాళ్లే 'ఇది పూర్తిగా, సరిగ్గా ఉంది, నాకు రెండు భాషలూ వచ్చు' అని రాసి సంతకం పెట్టాలి. దానికి నోటరీ అవసరం లేదు.

పేరు కలవకపోవడం తెలుగువాళ్లకు ప్రత్యేకంగా తగిలే దెబ్బ. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక అక్షరం, డిగ్రీలో రెండు అక్షరాలు, పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు విడదీసి పూర్తిగా. అవతలివాడి కంటికి ఇవి ముగ్గురు మనుషులు. ఇలాంటప్పుడు 'ఈ పేర్లన్నీ ఒకే వ్యక్తివి' అనే అఫిడవిట్ పనిచేస్తుంది. అందులో ప్రతి రూపాన్నీ అది ఏ కాగితంలో ఉందో, దాని నంబరుతో సహా, అచ్చు అక్షరానికి అక్షరం రాయాలి. చుక్క, ఖాళీ కూడా వదలొద్దు. స్టాంప్ పేపర్ కొన్న తేదీ అఫిడవిట్ తేదీకి ముందో, అదే రోజో ఉండాలి. కొన్నది అఫిడవిట్ ఇచ్చే మనిషి పేరున ఉండాలి.

బర్త్ సర్టిఫికెట్‌లో పేరు గడి ఖాళీగా ఉంటే మాత్రం అఫిడవిట్‌తో గడవదు. జనన మరణాల రిజిస్ట్రార్ దగ్గర పేరు చేర్పించి కొత్తది తీసుకోవాలి. పెళ్లి కాగితం సంగతీ ఇంతే. తిరుమలలో మఠంలోనో సత్రంలోనో పెళ్లి చేసుకుని అక్కడిచ్చిన రశీదు మీద నోటరీ చేయిస్తే స్పౌజ్ వీసాకు పనికిరాదు. రిజిస్టర్ చేయించిన వివాహ సర్టిఫికెట్టే కావాలి. పెళ్లి పత్రాలు, విడాకుల పత్రాలు నోటరీలు చేయడం తగదని కేంద్ర న్యాయశాఖ 2024లో గట్టిగానే చెప్పింది.

లామినేషన్! జాగ్రత్త కొద్దీ పదో తరగతి మెమోకు, డిగ్రీ పట్టాకు ప్లాస్టిక్ వేయిస్తారు. దాని మీద ముద్ర సిరా నిలవదు, వేలు తగిలితే చెరిగిపోతుంది. స్టిక్కర్ అంటుకుంటుంది గానీ అంచు లేస్తుంది. వేడిచేసి పొర లాగితే కాగితం పైపొర సంతకంతో సహా ఊడొస్తుంది. అలాంటిది కౌంటర్‌లో ఇస్తే వెనక్కే వస్తుంది. బోర్డు నుంచో, యూనివర్సిటీ నుంచో డూప్లికేట్ తెప్పించుకోవడమే దారి. దానికి వారాలు పడుతుంది కాబట్టి వీసా తేదీ వచ్చాక కాకుండా ముందే మొదలుపెట్టాలి.

ఇక ఇంటికి పోయి చేసే నోటరీ. మంచం దిగలేని పెద్దవాళ్ల కోసం, ఆసుపత్రిలో ఉన్నవాళ్ల కోసం పిలుస్తారు. సంచిలో ముద్ర, రిజిస్టర్, నోటరీ స్టాంపులు, ఎర్ర సీళ్లు, పల్చటి సిరా ప్యాడ్, తడిగుడ్డ, పొడిగుడ్డ ఉండాలి. రిజిస్టర్ ఇంట్లో పెట్టి 'తర్వాత ఎక్కిస్తా' అనుకునే నోటరీని నమ్మకండి. రేపు కోర్టులో గొడవ వస్తే మొదట తెమ్మనేది ఆ పుస్తకమే. కాగితం మీది వరస నంబరు, పుస్తకంలోది ఒకటే అయ్యుండాలి, సంతకమో వేలిముద్రో రెండు చోట్లా పడాలి.

వేలిముద్ర చిన్న పనిలా కనిపిస్తుంది గానీ పెద్దవాళ్ల దగ్గర ఓపిక కావాలి. మట్టిపని చేసిన చేతులకు గీతలు అరిగిపోయుంటాయి. బొటనవేలు తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, సిరా పల్చగా పట్టించాలి. గోరు ఒక అంచు నుంచి రెండో అంచు దాకా ఒకే ఒక్కసారి దొర్లించాలి. గట్టిగా అదిమితే గీతల మధ్య సిరా నిండి నల్లటి మచ్చ మిగులుతుంది. పక్కన 'ఫలానా వారి ఎడమ బొటనవేలి ముద్ర' అని రాయాలి. వేరే వేలు తీస్తే ఏ వేలో రాయాలి. చదువు రానివాళ్లకు ముందు తెలుగులో చదివి వినిపించి, ఆ సంగతీ కాగితంలో ఎక్కించాలి. అంతకంటే ముందు కొడుకుల్నీ కోడళ్లనీ బయటికి పంపి, "పెద్దాయనా, ఏం రాస్తాండారు, ఎవరికి ఇస్తాండారు?" అని ఒక్కమాట అడగాలి. జవాబు కుదురుగా రాకపోతే సంచి సర్దుకుని వచ్చేయడమే. మందుల మత్తులో ఉన్న రోగికైతే స్పృహలో ఉన్నారని డాక్టర్ చేత తేదీ, సమయంతో రాయించుకోవాలి.

ఇంకొకటి, ప్రాంతం. నోటరీకి ఇచ్చిన సర్టిఫికెట్‌లో రాసిన పరిధి దాటి ముద్ర వేయకూడదు. చిత్తూరు మనిషి వేలూరు ఆసుపత్రిలో ఉంటే అది తమిళనాడు, అక్కడి నోటరీయే కావాలి. తర్వాత ముద్రలు కూడా తమిళనాడు ప్రభుత్వం వైపు నుంచే నడుస్తాయి.

ఇళ్ల స్థలం అమ్మకానికి జిపిఎ (మన తరఫున పని చేయమని వేరేవాళ్లకు ఇచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) అంటే లెక్క మారుతుంది. ఇక్కడుండే మనిషి ఇచ్చే జిపిఎతో రిజిస్ట్రేషన్ జరగాలంటే నోటరీ ముద్ర చాలదు, సబ్ రిజిస్ట్రార్ ధ్రువీకరణ కావాలి. కదలలేనివాళ్ల ఇంటికి ఆయన వచ్చే వీలు చట్టంలోనే ఉంది. విదేశంలో ఉన్న బిడ్డలు పంపేదైతే అక్కడి నోటరీ ముందుగానీ, మన కాన్సులేట్‌లోగానీ సంతకం చేయాలి. అది మన దేశం చేరిన మూడు నెలల లోపల జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంప్ డ్యూటీ కట్టించాలి. గడువు సంతకం పెట్టిన రోజు నుంచి లెక్కించరు, చేరిన రోజు నుంచి. అందుకే తేదీ ఉన్న కొరియర్ కవరును చెత్తలో పారేయకుండా జిపిఎతో పాటే దాచండి.