సగం మందు

"ఇందులో నీళ్లు ఎవరు కలిపారు?" అని ఆవిడ అరిచేసరికి శనివారం తెల్లవారుజాము నాలుగున్నర.

స్కాట్లాండ్ తీరంలో సాల్మన్ చేపకు పొగపెట్టి, కోసి, ప్యాక్ చేసే ఫ్యాక్టరీ మాది. నేను క్వాలిటీలో చేస్తాను. ఆవిడ రాత్రిపూట శుభ్రం చేసే టీముకు సూపర్‌వైజర్, అరవై దగ్గరపడిన మనిషి. చేతిలో టెస్ట్ స్ట్రిప్. డిసిన్ఫెక్టెంట్, అంటే క్రిములను చంపే మందు, నీళ్లలో సరిపడా ఉంటే అది ఆకుపచ్చకు తిరగాలి. పసుపు దాటి రాలేదు.

కలపమన్నది నేనే. శుక్రవారం సాయంత్రానికి మందు డబ్బా అడుగంటింది, కొత్త సరుకు సోమవారం గానీ రాదు. రెండు రాత్రులకు సరిపెట్టాలని నీళ్లు రెట్టింపు పోయమన్నాను. ఇంట్లో ఫినాయిల్ అయిపోవస్తే అందరం చేసే పనే. తప్పన్న ఆలోచనే రాలేదు.

ఆవిడ నన్ను స్లైసర్ దగ్గరికి తీసుకెళ్లి, బ్లేడు వెనక రబ్బరు గాస్కెట్ ఊడదీసి టార్చి వేసింది. పైకి ఏమీ కనబడలేదు. గ్లవ్ వేలితో రాసి చూడమంది. నాలుగు రోజులు కడగని కుండ లోపల ఉండే జారుడు.

"చంపితే పూర్తిగా చంపు. సగం చంపి వదిలేస్తే అది మన మీదే తిరగబడుతుంది. మీ దగ్గర ఎలా చేస్తారో నాకు తెలియదు, ఇక్కడ మాత్రం కుదరదు."

మీ దగ్గర! ఆ ఒక్క మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. నేను వచ్చింది భీమవరం నుంచి. రొయ్యల ప్లాంటులో రెండేళ్లు చేశాను. క్లోరిన్ నీళ్లలో చేతులు ముంచనిదే మమ్మల్ని లోపల అడుగు పెట్టనిచ్చేవారు కాదు. టోపీలోంచి ఒక్క వెంట్రుక బయటికొచ్చినా వెనక్కి పంపేవారు. కడిగి కడిగి మాతో చేసే ఆడవాళ్ల వేళ్ల తోలు ఊడిపోయేది. మీరు తినే రొయ్య వెనక ఆ వేళ్లున్నాయని ఆవిడకు చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను. నేను చేసిన పని అక్కడ చేసుంటే మా ఇన్‌చార్జి గారూ ఊరుకునేవారు కాదు.

దానికంటే పెద్ద బాధ ఇంకోటుంది. ఆవిడ చెప్పినది నేను ఎమ్మెస్సీలో చదివి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకున్న పాఠం.

మా భయమంతా లిస్టీరియా అనే బాక్టీరియా గురించే. ఫ్రిజ్‌లో పెట్టినా అది నెమ్మదిగా పెరుగుతూనే ఉంటుంది. మేం పెట్టే పొగ 30 డిగ్రీలు దాటదు కాబట్టి దానికీ చావదు. అందుకే గడువు తీరేదాకా గ్రాము చేపలో అవి 100 మించకూడదని నిబంధన. స్టీలుకో రబ్బరుకో అంటుకుందంటే చుట్టూ జిగురు పొర కట్టుకుని కూర్చుంటుంది. పలచటి మందు ఆ పొర పైన ఉన్నవాటిని చంపుతుంది. లోపల మిగిలినవాటిలో మందును బయటికి తోసేసే పంపులున్నవే బతికి సంతానం పెంచుతాయి.

ఇక చలి, ఉప్పు, పులుపు ప్రాణం తీయనంతగా తగిలితే లిస్టీరియాలో సిగ్మా బి అనే ప్రోటీన్ మేలుకుంటుంది. అది లేపే జన్యువుల్లో ఇంటర్నలిన్ ఎ అనే ప్రోటీన్‌ను చేసేది ఒకటి. మన పేగు కణాన్ని పట్టుకుని లోపలికి దూరడానికి లిస్టీరియాకు అదే చెయ్యి. పుల్లటి కడుపును దాటడానికి కావలసిన ఓర్పు కూడా బయట పడ్డ కష్టంలోనే కొంత అలవడుతుంది. ఆ పైన మన ఒంటి వేడి. పీఆర్‌ఎఫ్‌ఎ అనే ప్రోటీన్ తయారీకి సందేశం మోసే ఆర్‌ఎన్‌ఎ, చల్లగా ఉన్నంతసేపూ ముడుచుకుని ఉంటుంది. 37 డిగ్రీల దగ్గర ఆ ముడి విప్పుకుంటుంది, ఆ ప్రోటీన్ తయారై రోగం తెచ్చే జన్యువులను పనిలోకి దింపుతుంది. పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 2002లో దీన్ని చూపించారు. చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు, అంత అందంగా ఉంది.

కష్టం ప్రతిసారీ దాన్ని రాటుదేలుస్తుందని కాదు. కొన్ని రకాలు చతికిలపడతాయి. మోతాదును బట్టి, ఎంతసేపు తగిలిందన్నదాన్ని బట్టి ఉంటుంది. కానీ ఏ ప్యాకెట్‌లో ఏ రకం ఉందో తినే గర్భిణికి ఎలా తెలుస్తుంది? 2017, 2018లలో దక్షిణాఫ్రికాలో పోలోనీ అనే మాంసం ఉత్పత్తి వల్ల వెయ్యిమందికి పైగా లిస్టీరియా సోకింది. రెండువందల మందికి పైగా పోయారు. వాళ్లలో చాలామంది పురిటి పిల్లలు. నీళ్లు పోయమన్న ఆ నిమిషంలో ఇదంతా నా బుర్రలోనే ఉంది.

మా అమ్మ ఇవేవీ చదవలేదు. ఆవకాయ కలిపే రోజు మేం గుప్పెడు ఉప్పు తగ్గిద్దామంటే చెయ్యి మీద కొట్టేది. "పిసినారి చెయ్యి పెడితే జాడీ అంతా బూజే" అనేది. మా దగ్గర ఎలా చేస్తారో చెప్పాల్సి వస్తే ఆవిడకు నేను ఈ మాటే చెప్పాలి.

ట్యాంకు మొత్తం పారబోయించి, ఆవిడే తన కారులో నలభై మైళ్లు వెళ్లి రెండు డబ్బాలు తెచ్చింది. ఈలోగా నేనూ, రాత్రి కుర్రాళ్లూ ఒక్కో గాస్కెట్ విప్పి బ్రష్షుతో తోమాం. ఆరున్నరకు కదలాల్సిన లైను తొమ్మిదిన్నరకు కదిలింది. ఆలస్యానికి కారణం అన్నచోట నా పేరు నేనే రాశాను. ఆవిడ చదివి కింద సంతకం పెట్టి, స్ట్రిప్పుల డబ్బా నా కోటు జేబులో వేసి ఇంటికి వెళ్లిపోయింది.