యోబు తిట్టే కాడ

పదకొండు దాటింది. చిన్నది పుస్తకం మీదనే తల పెట్టి పండుకుంటే లేపి లోపలికి పంపిన. నాకు మాత్రం నిద్ర వస్తలేదు. బావ అన్న మాట చెవుల్నే తిరుగుతున్నది. రాసుకుంటెగాని పోయేటట్టు లేదు.

ఆదివారం కదా, చర్చి అయిపోయినంక అక్కోళ్లు ఇటే వచ్చిన్రు. బగారన్నం, కోడికూర. అక్క గారెలు చేసుకొచ్చింది. తినేదాక అంతా మంచిగనే ఉండె. చిన్నది జీవశాస్త్రం ముందేసుకొని కూసుంది, ప్రీఫైనల్స్ దగ్గరికొచ్చినయ్ గద. బావ ఆ పుస్తకం తీసి తిరగేసిండు. డార్విన్ బొమ్మ కాడ ఆగిండు.

"కోతి మనిషైతే ఇంకా కోతులెందుకున్నయే?" అన్నడు. ఎన్ని ఏండ్ల సంది అదే ప్రశ్న.

చిన్నది తల కూడా ఎత్తలే. "పెద్దనాయినా, మీ ఇంట్ల అన్న నాకు నాయిన కాదు గద. మా ఇద్దరికి అమ్మమ్మ ఒక్కతే. కోతులు మనకు గట్ల."

పుస్తకంల గిట్ల రాసి లేదు. అది సొంతంగ చెప్పింది. నాకు మస్తు సంతోషమైంది.

బావ ఆదికాండం మొదటి అధ్యాయం ఎత్తుకున్నడు. దేవుడు తను చేసినదంతా చూసిండు, చాలా మంచిగ ఉన్నది అని రాసి ఉందంటడు. చిన్నది ఊకోలే. "మరి మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు కూడా మంచిగనే చేసిండా?" అన్నది. అది ఆదాము పాపంతోని నేలకు తగిలిన శాపమని బావ జవాబు. "శాపం నేలంతటికీ కావాలె గద పెద్దనాయినా, మిర్యాలగూడకు లేని శాపం మర్రిగూడకు ఎందుకు?" ఇగ బావ మొఖం మారింది. "నీ బిడ్డకు నోరెక్కువైంది" అని నాకు చెప్పిండు. అది అడిగిందానికి మాత్రం జవాబు లేదు.

అక్క మధ్యలకొచ్చి, "అదంతా పరీక్ష అనుకోవాలె బిడ్డా" అన్నది. అప్పుడు నేను అడిగిన. మెల్లగనే అడిగిన. "మన అత్తకు ఏం పరీక్ష అక్కా?"

చెయ్యి కడుక్కుంట, తువ్వాల అందుకుంట, అంత తేలిగ్గ అన్నడు బావ: "మీ మేనత్తకు విశ్వాసం తక్కువ పడ్డది. లేకుంటే లేచి నడిచేది."

నేనేమీ అనలే. అక్క కింద చూసుకుంట కూసుంది. బావ మీద కంటె అక్క మీదనే నాకు కోపమెక్కువొచ్చింది, ఇప్పుడు కూడా తగ్గలే. బావ ఆమెను చూసింది ఆఖరి రెండు మూడేండ్లే. అక్క ఆమె ఒళ్లె పెరిగింది. మాకిద్దరికీ జడలేసిన చేతులు అవి. ఆ చేతులు ఇగ తల దాక లేవని రోజు వచ్చినంక మమ్మల్ని గడప కింద కూసోబెట్టి, తను పైన కూసోని వేసేది. అక్కకు ఇదంతా యాదికి లేదా? ఉంది. యాదికుండి కూడా నోరు మూసుకుంది. పెనిమిటి ముందర ఒక్క మాట, "అట్లనకు" అని ఒక్క మాట అంటే ఏం పోయేది?

ఆ ఫ్లోరైడ్ నీళ్లతోని ఎముకలు బిగుసుకపోయి అత్తకు మెడ తిరిగేది కాదు. ఎవరన్న వెనుక నుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరిగేది, చిన్న చిన్న అడుగులేసుకుంట, గుండ్రంగ. మేం పిల్లలం ఆటకు అటొకరం ఇటొకరం పిలిచేది. అది తలుచుకుంటే ఇప్పుడు కడుపుల చెయ్యి పెట్టి తిప్పినట్టయితది. చర్చిల అందరూ మోకాళ్లేస్తే ఆమె గుంజకు ఆనుకొని నిలబడేది. ఒకసారి ఎక్కడ్నో స్వస్థత కూటమి అంటే నాయిన వద్దన్నా వినకుండ ట్రాక్టరు ట్రాలీల వరిగడ్డి పరిచి తీసుకపోయిన్రు. నేనూ ఎక్కిన, ఏడో తరగతి అప్పుడు. నూనె రాసిన్రు. ప్రార్థన చేసిన్రు. నమ్ముతున్నవా అని అడిగిన్రు, నమ్ముతున్న అన్నది. రెండు చేతులు పట్టి గుంజి లేపిన్రు. పడ్డది. అంతమందిల పడ్డది. అప్పుడు మైకుల ఏమన్నరో నాకు యాదికుంది, ఇయ్యాల బావ అన్నదే అన్నరు. ముప్పై ఏండ్లకు అదే మాట మా ఇంట్ల, నా పీట మీద కూసోని.

తిరిగొచ్చేటప్పుడు ట్రాలీల ఎవరూ మాట్లాడలే. ఇంటికొచ్చినంక ఆమె నన్ను పిలిచి బైబిల్ తియ్యమన్నది. ఆమెకు చదువు రాదు, నేనే చదివేదాన్ని. "యోబు తిట్టే కాడ సదువు" అన్నది.

యోబు అంటే బైబిల్ల ఏ తప్పు లేకుండనే ఆస్తి, పిల్లలు అన్నీ పోగొట్టుకున్న మనిషి, ఆయన పేరు మీద ఒక పుస్తకమే ఉంది. ఆమెకు అండ్ల మూడో అధ్యాయమే. తను పుట్టిన రోజే లేకుండ పోవాలె అని యోబు తిట్టుకునే అధ్యాయం. ఎన్నిసార్లు చదివిపిచ్చుకుందో లెక్క లేదు, కొబ్బరినూనె చేతులతోని ముట్టి ముట్టి ఆ పేజీ పసుప్పచ్చగ అయింది. ఆఖరి అధ్యాయం మాత్రం ఒక్కసారే చదివిన. యోబుకు 7,000 గొర్రెలు పోతె 14,000 వచ్చినయ్. పోయిన ఏడుగురు కొడుకులు, ముగ్గురు బిడ్డల బదులు మళ్ల ఏడుగురు, ముగ్గురు పుట్టిన్రు. అక్కడ ఆపేసింది. "గొర్రెకు బదులు గొర్రె ఇస్తే సరే. పిల్లకు బదులు పిల్లనా? ముందటోళ్లు ఏరి?" అన్నది. మళ్ల ఎన్నడూ అది చదవనియ్యలే.

చిన్నది పండుకున్నంక ఫోన్ల యోబు తెరిచి మళ్ల చూసిన. రెండో అధ్యాయంల దేవుడే సాతానుతోని అంటడు, కారణం లేకుండనే ఇతన్ని పాడుచెయ్యనీకి నువ్వు నన్ను ప్రేరేపించినవ్ అని. కారణం లేదు అని దేవుడే ఒప్పుకున్న కాడ బావ కారణం వెతుకుతున్నడు. ఇంకొకటి. యోబు స్నేహితులు ముగ్గురూ నువ్వేదో పాపం చేసినవ్, అందుకే ఇట్లయింది అని ఇరవై చిల్లర అధ్యాయాలు వాదించిన్రు. ఆఖరికి దేవునికి కోపమొచ్చింది వాళ్ల మీద. తిట్టుకున్న యోబు నా గురించి సరిగ్గ మాట్లాడిండు, మీరు మాట్లాడలే అన్నడు. బావ రోజూ పొద్దున చదివే పుస్తకమే అది.

ఇదంతా రాసి ఆఖరికి, దేవుడు లేడు, పాపం లేదు, అంతా రాయి గుణం అని తేల్చేద్దామనే మొదలుపెట్టిన. నీళ్లు పరీక్ష చేసే ల్యాబుల రోజూ నేను చేసేది అదే పని గద. శాంపిల్‌ల ఎర్ర రీఏజెంట్ కలిపితే ఫ్లోరైడ్ ఎంతుంటే రంగు అంత తగ్గుతది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దు. మా దిక్కు గ్రానైట్ల ఫ్లోరైడ్ ఉంది, నీళ్లల కరుగుతది, ఎముకల హైడ్రాక్సిల్ ఉండే చోట్ల అది పోయి కూసుంటది. ఎముక దాన్ని గుర్తుపట్టలేదు. చేప ఎముకైనా మనిషి ఎముకైనా అదే కాల్షియం ఫాస్ఫేట్, కోట్ల ఏండ్ల కింది నుంచి వస్తున్న తీరు. ముందుచూపుతోని ఎవరూ కట్టలే. డార్విన్ కూడా గొంగళిపురుగు ఒంట్ల గుడ్లు పెట్టే కందిరీగలను చూసి, మంచి దేవుడు కావాలని ఇట్ల చేసిండంటే నమ్మలేనని 1860ల ఉత్తరం రాసిండు. అంతకు తొమ్మిదేండ్ల ముందే ఆయన బిడ్డ ఆనీ పదేండ్లకే చచ్చిపోయింది. ఆయన బాధ నాకు అర్థమైతది.

కాని ఇది రాసినంక చూస్తే, నేను కూడా బావ తీరుగనే మాట్లాడుతున్న అనిపిస్తుంది. ఆయన అత్త మీద వేసిండు, నేను రాయి మీద వేసిన. ఇద్దరం చేతులు కడుక్కున్నట్టే. రాయి ఎప్పటి సందో అక్కడనే ఉంది. తాతల కాలంల చేదబావి నీళ్లు తాగిన్రు. బావులు ఎండినంక బోర్లు వేసిన్రు, లోతుకు పోయినకొద్దీ ఫ్లోరైడ్ ఎక్కువైంది. ఆ బోరింగు నీళ్లే అత్త చిన్నప్పటి సంది తాగింది. సాగర్ డ్యాం మా జిల్లల్నే ఉంది, 1955ల పునాదిరాయి పడ్డది. మర్రిగూడ, మునుగోడు ఎత్తు మీద ఉన్నయ్ గాబట్టి కాల్వలు అటు ఎక్కలే. పటికె, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మా జిల్లా పేరే పెట్టిన్రు, నల్గొండ టెక్నిక్ అని. టాంజానియా, ఇథియోపియా దాక పోయింది ఆ పేరు. మా అత్త బిందెలకు రాలే.

1996 ఎంపీ ఎన్నికల మా నల్గొండల 480 మంది నిలబడ్డరు, చానామంది నీళ్ల కోసమే. ఓటు కాగితం పుస్తకమంత అయింది. నాయిన అత్తను సైకిల్ మీద కూసోబెట్టి నూకుకుంట తీసుకపోయిండు. కూటమిల పడ్డ ఏడాదే అది. చేతులు రాక ఆ పుస్తకం తిరగెయ్యలేకపోయిందట, లోపల చాలాసేపు పట్టిందట. ఎవరికేసినవ్ అని నాయిన అడిగితే చెప్పలే. దేవున్ని అడిగినట్టే సర్కారును కూడా అడిగొచ్చింది ఆమె. అడుగుడు మాత్రం మానలే. విశ్వాసం తక్కువ అన్నడు బావ. ఇంతకంటె ఎక్కువ ఎట్లుంటది?

కృష్ణా నీళ్లు ఇప్పుడు నల్లాలల్ల వస్తున్నయ్. ఆమె పోయినంక వచ్చినయ్.

బావకు ఫోన్ చేసి అడగాలె అనుకున్న, చెయ్య. అక్కకు చేస్త. అత్త బైబిల్ అక్క దగ్గర్నే ఉంది, చిన్నదానికి ఆ మూడో అధ్యాయం పేజీ చూపియ్యాలె. ఎందుకు అని అడుగుతది అక్క. ఏం చెప్పాలెనో ఇంకా అనుకోలే.