రాతి మీద నిండు పేరు

మా అమ్మాయి పేరులో ‘ళ’ ఉంది. కడపలో మా అమ్మ ఆ అక్షరాన్ని నాలుక మడిచి నిండుగా పలుకుతుంది. ఐర్లండ్‌లో మేముంటున్న కార్క్ నగరంలో ఆ పలుకుబడి ఎవరికీ అలవాటు లేదు. రెండో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం తను సంచి దించుతూనే, “అమ్మా, ఇకనుంచి నా పేరు సగమే చెప్తాను, అందరికీ అదే సులువు” అంది. రాతకూ పలుకుకూ పొంతన కుదరని ఐరిష్ పేర్లను ఆ తరగతి పిల్లలంతా తడబడకుండా నేర్చుకుంటారని తెలిసినందువల్ల, ఆ మాట నన్ను చాలా రోజులు బాధపెట్టింది.

ఆ వేసవిలో షానన్ నది ఒడ్డున ఉన్న క్లోన్‌మాక్‌నాయిస్‌కు వెళ్ళాము. 6వ శతాబ్దంలో పునీత కీరాన్ స్థాపించిన ఆ మఠంలో ఇప్పుడు మిగిలినవి చాలావరకు పైకప్పు లేని చర్చిలే. అయితే సిలువ గుర్తు చెక్కిన సమాధి పలకలు, విరిగిన ముక్కలతో కలిపి, అక్కడ 700కు పైగా దొరికాయి. వాటిలో చాలావాటి మీద ఉన్నది ఒకే విన్నపం: ‘ఓరోయిత్ దో’, అంటే ఫలానా వారి కోసం ప్రార్థన అని. ఒక పలక మీద అలా చేతిపనివాడైన తూఅథల్ కోసం అడిగారు. రాతి మీద చోటు తక్కువ, ఉలితో పని కష్టం. అందుకే శిల్పులు ‘ఓరోయిత్’ను తరచుగా ‘ఓర్’ అని కుదించి, పైన ఒక చిన్న గీత గీసేవారు. మా అమ్మాయి ఆ గీతను చూసి, “ఇది ఫాదాయేనా?” అని అడిగింది. ఫాదా అంటే ఐరిష్‌లో అచ్చు మీద పెట్టే ఏటవాలు గీత. బడిలో నేర్పిన మొదటి రోజే తను దానికి ‘ఐరిష్ దీర్ఘం’ అని పేరు పెట్టుకుంది. కాదు, మాటను కుదించామని చెప్పే గుర్తు అని వివరిస్తున్నప్పుడే నాకూ ఒక సంగతి తట్టింది. ప్రార్థన అన్న మాటను కుదించిన ఆ చేతులు, దాని పక్కన మనిషి పేరును మాత్రం నిండుగా చెక్కాయి.

తర్వాత మా కౌంటీలోనే ఉన్న టులిలీస్‌కు తీసుకెళ్ళాను. అక్కడి శిథిలమైన చర్చిలో సిలువ చెక్కిన పలక ఒకటి ఉంది. దాని అలంకరణను పండితులు ఇంగ్లాండులో తయారైన ‘లిండిస్‌ఫార్న్ సువార్తలు’ అనే ప్రాచీన చేతిరాత గ్రంథం పుటలతో పోలుస్తారు. దాని మీద లాటిన్‌లో, ఈ రాతను చదివినవారెవరైనా బెరెఖ్ట్‌వినె కోసం ప్రార్థించాలి అని ఉంది. అది ఐరిష్ పేరు కాదు, ఇంగ్లాండు పేరు. 664లో ఇంగ్లాండులోని విట్బీలో జరిగిన చర్చి సభ ఈస్టర్ తేదీ విషయంలో రోమ్ పద్ధతిని ఎంచుకున్నాక, దానికి ఒప్పుకోని కోల్మాన్ అనే బిషప్ వెంట కొందరు ఇంగ్లీషు సన్యాసులు కూడా ఐర్లండ్ చేరారు. బెరెఖ్ట్‌వినె అనే ఈ పునీతుణ్ణి కూడా ఆ రాకతోనే ముడిపెట్టి చెప్పుకుంటారు. ఊరివాళ్ళ నోట ఆయన పేరు బెరిహెర్ట్‌గా మారిపోయింది. రాయి మీద మాత్రం పరాయి దేశం నుంచి తెచ్చుకున్న పేరు ఒక్క అక్షరమూ తగ్గకుండా నిలిచింది.

మా అమ్మాయి వేలితో గాలిలో ఆ అక్షరాలను గీస్తూ ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివింది. తర్వాత, “మనం చర్చికి వెళ్ళం కదా, మనమూ దణ్ణం పెట్టుకోవాలా?” అని అడిగింది. చదివినవారెవరైనా అని రాశారు, నువ్వు చదివావు కదా అన్నాను. వాళ్ళ అమ్మమ్మలాగే కళ్ళు మూసుకుని, రెండు చేతులూ జోడించి కాసేపు నిలబడింది.

స్నేహితులు ఇప్పటికీ సగం పేరుతోనే పిలుస్తారు, తనూ పలుకుతుంది. అందుకు నేను అడ్డు చెప్పడం లేదు. ఆ సోమవారం కొత్త నోటుపుస్తకం అట్ట మీద మాత్రం పూర్తి పేరు రాసుకుంది. కింద తెలుగులోనూ రాస్తానని మొదలుపెట్టి, ‘ళ’ దగ్గర మూడుసార్లు చెరిపి, నాలుగోసారి పెన్సిల్ ఒత్తి రాసింది.