అత్తమామలు, చిన్నపిల్లలతో గ్రీస్ ఐలాండ్: నాక్సోస్‌లో రూమ్ ఎలా వెతుక్కున్నామంటే (నా అనుభవం)

మేముండేది జర్మనీలో, స్టుట్‌గార్ట్ పక్కన. మా స్టేట్‌లో జూన్ టైమ్‌కి స్కూళ్ళకి పెంతెకోస్తు సెలవులు రెండు వారాలు వస్తాయి. పోయినేడాది, అంటే 2025లో, సరిగ్గా ఆ సెలవులకి తెనాలి నుంచి అత్తయ్య, మామయ్య వస్తున్నారని తెలిసింది. వీసా ఎలాగూ షెంగెన్ (ఒకే వీసాతో యూరప్‌లో చాలా దేశాలు తిరగొచ్చు) కాబట్టి అందరం కలిసి గ్రీస్ వెళ్దాం అన్నారు మా ఆయన. ఆయన అనేసి ఆఫీస్‌కి వెళ్ళిపోయారు, వెతకడం నా వంతు అయింది. ఏడేళ్ళ పాప, రెండున్నరేళ్ళ బాబు, మోకాళ్ళ నొప్పులతో ఉన్న అత్తయ్య, పొద్దునా సాయంత్రం నడక లేకపోతే తోచని మామయ్య, అందులో అత్తయ్య గుడ్డు కూడా ముట్టరు. ఇలాంటి ఫ్యామిలీ ఎక్కడ దిగాలి అని వెతికితే ఎక్కడ చూసినా హనీమూన్ జంటల కోసం రాసినవే కనిపించాయి, అందుకే ఇదంతా రాస్తున్నా, మీలో ఎవరికైనా పనికొస్తుందని.

ముందు ఏ ఐలాండ్ అన్నది తేలాలి. గ్రీస్ అనగానే అందరికీ గుర్తొచ్చేది సాంటోరిని, ఆ తెల్ల ఇళ్ళు నీలం గోపురాలు. నేనూ ఆ ఫోటోలే అత్తయ్యకి వాట్సాప్‌లో పెట్టా, పెడితే ఆవిడ అడిగిన మొదటి మాట "మెట్లు ఎన్నుంటాయమ్మా?" అని. నిజంగా అక్కడ అసలు విషయం అదే. ఇయా, ఫిరా ఊళ్ళు కొండ అంచున ఉంటాయి, రూమ్‌లు ఆ కొండకి అంతస్తులుగా దిగుతూ ఉంటాయి, సూట్‌కేస్ పట్టుకుని మెట్లు దిగాలి, స్ట్రాలర్ పనిచెయ్యదు. ఆ కొండవైపు చాలా హోటళ్ళు చిన్నపిల్లల్ని అసలు తీసుకోవు. బీచ్‌లేమో అవతలి వైపు పెరిస్సా, కమారి, నల్ల ఇసుక, ఎండకి కాళ్ళు కాలిపోతాయి, నీళ్ళు కూడా త్వరగా లోతైపోతాయి. రెండేళ్ళ పిల్లాడితో అది నాకొద్దు అనిపించింది.

క్రీట్ కూడా చూశాం, డైరెక్ట్ ఫ్లైట్ ఉంది, బీచ్‌లు బ్రహ్మాండంగా ఉంటాయి, కానీ అది చాలా పెద్ద ద్వీపం, ఈ చివర్నించి ఆ చివరికి 250 కిలోమీటర్ల పైనే, కారు లేకపోతే కష్టం, కారులో గంటలు గంటలు అంటే బాబు వాంతి చేసుకుంటాడు. రోడ్స్, కోస్ అనే దీవుల్లో ఆల్ ఇన్‌క్లూజివ్ (తిండి, తాగుడు అన్నీ రేటులోనే కలిపిన) రిసార్టులు బోలెడు, పిల్లలకి స్లైడ్లు, పూల్ అన్నీ ఉంటాయి. ఇష్టపడేవాళ్ళు ఇష్టపడతారు, తప్పేం లేదు. కానీ మామయ్య లాంటి మనిషిని వారం రోజులు రిసార్ట్ గేటు లోపల కూర్చోబెడితే ఉండలేరు, ఆయనకి ఊరు కావాలి, బజారు కావాలి, నాలుగు మొహాలు కనపడాలి. అత్తయ్యకి వంటగది కావాలి. ఈ రెండూ కలిపి ఆలోచిస్తే నాక్సోస్ తేలింది. సాంటోరిని కూడా ఉండే సైక్లడీస్ అనే దీవుల గుంపులో అదే పెద్దది, ఇసుక బీచ్‌లు, వ్యవసాయం ఉన్న ఊరు, బంగాళాదుంపలకి, గ్రావియెరా అనే చీజ్‌కి పేరు, టూరిస్టులు లేకపోయినా బతికే ఊరు అన్నమాట, అది నాకు చాలా నచ్చింది.

జనవరిలో బుక్ చేద్దాం అని కూర్చున్నామా, ఆ నెలాఖరు నుంచి సాంటోరిని, దాని దగ్గరి అమోర్గోస్ దీవి మధ్య సముద్రంలో ఒకటే భూకంపాలు. ఫిబ్రవరిలో తీవ్రత 5 దాటినవి కూడా వచ్చాయి, సాంటోరిని నుంచి వేలమంది ఓడలెక్కి వెళ్ళిపోయారు. తెనాలిలో టీవీలో చూసి మామయ్య ఫోన్, "అమ్మా, ఆ గ్రీసు వద్దులే, మీ ఇంట్లోనే ఉందాం" అని. నాక్సోస్ వేరే ద్వీపమని చెప్పినా దగ్గరేగా అన్నారు, అదీ నిజమే. అప్పుడు ఒకటి తేల్చుకున్నా, పది యూరోలు ఎక్కువైనా సరే ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్నదే తీసుకోవాలి, అది కూడా వెళ్ళే వారం ముందు వరకు. నెల ముందే గడువు అయిపోయేవి కొన్ని ఉన్నాయి, ఫ్రీ క్యాన్సిలేషన్ అని పెద్ద అక్షరాలతో పెట్టి తేదీ చిన్న అక్షరాలతో పెడతారు, ఆ తేదీ చూడండి. మార్చి వచ్చేసరికి ప్రకంపనలు బాగా తగ్గాయి, మామయ్య కూడా సరే అన్నారు.

ఇక్కడ నేను చెప్పదలుచుకున్న అసలు సంగతి: రూమ్ చూసి బీచ్ కాదు, బీచ్ చూసి రూమ్ వెతకాలి. అందరూ రూమ్ ఫోటోలు చూసి పడిపోతారు. నాక్సోస్‌లో పడమటి వైపు వరసగా బీచ్‌లుంటాయి. ఆగియోస్ ప్రొకోపియోస్ చాలా అందమైంది, అందరూ అదే బెస్ట్ అంటారు, కానీ ఇసుక కాస్త గరుకు, నీళ్ళు తొందరగా లోతవుతాయి. దాని తర్వాత ఆగియా అన్నా, ఆ తర్వాత ప్లాకా, ఇది కిలోమీటర్ల కొద్దీ సాగుతుంది, ప్రశాంతంగా ఉంటుంది కానీ మందుల షాపు కావాలన్నా బస్ ఎక్కాలి. మేం పట్టుకుంది ఆగియోస్ జార్జియోస్, సెయింట్ జార్జ్ బీచ్ అంటారు, హోరా అనే మెయిన్ టౌన్‌కి ఆనుకునే ఉంటుంది. అక్కడ నీళ్ళు చాలా దూరం దాకా మోకాలి లోతే. ఫోటోల్లో ప్రొకోపియోస్ అంత గొప్పగా కనపడదు, అయినా చిన్నపిల్లలున్న వాళ్ళు దీన్నే చూడండి. ఓడరేవు నుంచి నడిచి వెళ్ళొచ్చు, హాస్పిటల్ టౌన్‌లోనే ఉంది, సూపర్ మార్కెట్ ఉంది, కారు అక్కర్లేదు. మిగతా బీచ్‌లకి హోరా నుంచి బస్సులు తిరుగుతుంటాయి.

గాలి సంగతి కూడా ముందే తెలుసుకున్నాం. జులై, ఆగస్టుల్లో ఉత్తరం నుంచి మెల్టెమి అనే గాలి వీస్తుంది, నాక్సోస్‌లో గట్టిగానే ఉంటుంది, అందుకే సెయింట్ జార్జ్ దక్షిణం చివర విండ్ సర్ఫింగ్ వాళ్ళు చేరతారు. పిల్లలు ఇసుకలో ఆడుకోవాలంటే టౌన్ వైపు ఉత్తరం చివర మేలు. జూన్ మధ్యలో ఆ గాలి ఇంకా పూర్తిగా మొదలవదు, నీళ్ళు 21, 22 డిగ్రీలు ఉంటాయి, మనవాళ్ళకి మొదట చల్లగా అనిపిస్తుంది, పిల్లలకి ఏం పట్టదు. రేట్లు చూస్తే అవే స్టూడియోలు (చిన్న వంటగది కూడా ఉన్న గదులు) ఆగస్టుకి దాదాపు డబుల్.

బీచ్ తేలాక మ్యాప్ తెరిచి కూర్చున్నా. ఒక చోట బీచ్‌కి 200 మీటర్లు అని ఉంది, ఫోటోలు ముచ్చటగా ఉన్నాయి, తీరా గూగుల్ స్ట్రీట్ వ్యూలో నడిచి చూస్తే ఫుట్‌పాత్ లేని రోడ్డు పక్కన వెళ్ళాలి, స్కూటర్లు, క్వాడ్ బైకులు తిరిగే రోడ్డు. వద్దనుకున్నా. ఇంకోటి మెజోనెట్ అని ఉంది, పేరు బాగుంది, స్థలం ఎక్కువ, రేటు తక్కువ. మెజోనెట్ అంటే లోపల మెట్లున్న రెండంతస్తుల ఇల్లు, పడకలు పైన, బాత్రూమ్ కింద. రాత్రి పూట అత్తయ్య ఆ మెట్లు దిగడం, బాబు వాటి మీద పాకడం ఊహించుకుంటేనే భయమేసింది. పాత టౌన్‌లో కోట లోపలి సందుల్లో ఉన్న ఇళ్ళు కూడా చూశా, ఎంత ముద్దుగా ఉన్నాయో, కానీ అక్కడికి కారు రాదు, అంతా రాతి మెట్లు. సీ వ్యూ అన్న మాటకి కూడా డబ్బులు పెట్టొద్దు, సముద్రం రెండు నిమిషాల నడకలో ఉంటే బాల్కనీ లోంచి కనపడకపోతే ఏం, పైగా సీ వ్యూ అంటేనే పై అంతస్తు, లిఫ్ట్ లేని పై అంతస్తు.

చివరికి నాలుగైదు చోట్లు మిగిల్చి, అందరికీ ఒకే మెయిల్ పెట్టా. గ్రౌండ్ ఫ్లోరేనా, గేటు నుంచి రూమ్ దాకా మెట్లెన్ని, పూల్ ఉంటే చుట్టూ కంచె ఉందా, బాల్కనీ కమ్మీల మధ్య సందు ఎంత, బేబీ కాట్ ఇస్తారా, పొయ్యి ఎన్ని బర్నర్లు, డబుల్ బెడ్ అంటే ఒకటే మంచమా లేక రెండు కలిపినవా, ఏసీకి విడిగా డబ్బులా, పోర్ట్ నుంచి తీసుకెళ్తారా, పిల్లాడికి కార్ సీట్ ఉంటుందా. చదివేవాళ్ళు విసుక్కుంటారేమో అనుకోవద్దు, అడగండి. నాకు ఎవరెలాంటి వాళ్ళో ఆ జవాబుల్లోనే తెలిసింది. ఒకళ్ళు "మాది ఫ్యామిలీ ఫ్రెండ్లీ, వర్రీ అవ్వొద్దు" అని ఒక్క లైన్ రాశారు, పూల్ కంచె మాటే లేదు, రెండోసారి అడిగినా లేదు. గ్రీస్‌లో చిన్న హోటళ్ళ పూల్స్‌కి కంచె లేకపోవడం మామూలే. నడక నేర్చిన పిల్లలుంటే అసలు పూల్ లేనిదే తీసుకోవడం మంచిదని నా గట్టి అభిప్రాయం, తలుపు తీస్తే పూల్ ఉంటే తల్లికి హాలిడే ఉండదు, కాపలా ఉంటుంది. ఇంకో చోట ఒక పెద్దావిడ, కుటుంబమంతా కలిసి నడుపుకునే స్టూడియోలు, ఆవిడ ప్రతి ప్రశ్నకీ జవాబిచ్చి, రెండు మెట్లున్నాయని వాటి ఫోటో తీసి పంపి, కుడివైపు పట్టుకోవడానికి రాడ్ ఉందని కూడా రాశారు. అంతే, అదే తీసుకున్నాం. పక్కపక్కన రెండు స్టూడియోలు, ముందు కలిసి ఉన్న వరండా, చిన్న తోట. ఒకే పెద్ద అపార్ట్‌మెంట్ కన్నా ఇది నయం, బాత్రూములు రెండు, వంటగదులు రెండు, అత్తయ్య మామయ్య వాళ్ళకి వాళ్ళ టైమ్‌కి పడుకునే వీలు.

ఇక డబ్బుల దగ్గర ఒకటి. బుకింగ్‌లో కనపడే రేటు కాకుండా గ్రీస్ ప్రభుత్వం క్లైమేట్ ఫీజు ఒకటి వసూలు చేస్తుంది, అది అక్కడికెళ్ళాక కట్టాలి. 2025 నుంచి ఏప్రిల్ నుంచి అక్టోబర్ వరకు రూమ్‌కి రాత్రికి ఒకటి, రెండు స్టార్ల హోటల్‌కి 2 యూరోలు, మూడు స్టార్లకి 5, నాలుగుకి 10, అయిదుకి 15, ఎయిర్‌బీఎన్‌బీ లాంటి వాటికి 8. మనిషికి కాదు రూమ్‌కి. మూడు స్టార్ల హోటల్‌లో రెండు రూములు వారం అంటే 70 యూరోలు, లెక్కలో వేసుకోండి. అద్దె ఇళ్ళయితే యాడ్‌లో ఏఎమ్ఏ అని రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి, అది లేనిదాని జోలికి నేను పోలేదు. అలాగే బీచ్‌లో గొడుగు, కుర్చీలకి డబ్బు కట్టి తీరాలని అనుకోవద్దు, గ్రీస్‌లో బీచ్‌లు అందరివీ. 2023లో పక్క దీవి పారోస్‌లో జనం టవల్స్ పట్టుకుని ధర్నా చేశాక, 2024లో కొత్త చట్టం తెచ్చారు, బీచ్‌లో కనీసం సగం ఖాళీగా వదలాలి, నీళ్ళ అంచు నుంచి నాలుగు మీటర్లలోపు కుర్చీలు వెయ్యకూడదు. మేం దుప్పటి పరుచుకునే కూర్చున్నాం.

వెళ్ళాక ఎలా ఉందంటే, ఆవిడ చెప్పింది చెప్పినట్టే ఉంది. షవర్ మాత్రం చాలా ఇరుకు, గ్రీస్ దీవుల్లో అది మామూలేనట. టాయిలెట్ పేపర్ ఫ్లష్ చెయ్యకూడదు, పక్కన డబ్బాలో వెయ్యాలి, పైపులు సన్నవి. టాయిలెట్ పక్కన మనకి కావలసిన హ్యాండ్ షవర్ ఉండదు కాబట్టి ఒక మగ్గు పెట్టెలో పెట్టుకెళ్ళండి. తాగడానికి బాటిల్ నీళ్ళే కొన్నాం. చిన్న కుక్కర్, సోనామసూరి బియ్యం, పోపు డబ్బా తీసుకెళ్ళాం, హాట్ ప్లేట్ మీద అన్నం కొంచెం ఆలస్యంగా ఉడుకుతుంది, అంతే. పెరుగు గురించి చెప్పక్కర్లేదు, మామయ్య రోజూ ఆ గట్టి పెరుగుతోనే ముగించారు. బయట తిన్నప్పుడు అత్తయ్యకి ఫావా బాగా నచ్చింది, అది అచ్చం మన ముద్దపప్పే, నెయ్యి బదులు ఆలివ్ నూనె. ఫావా, గిగాంతెస్ అనే పెద్ద గింజల కూర, ఓవెన్‌లో కాల్చిన కూరగాయల బ్రియామ్, ఆకుకూర ఉడకబెట్టి నిమ్మరసం పిండే హోర్తా, ఇవి గుర్తుపెట్టుకుంటే వెజ్ వాళ్ళకి గ్రీస్‌లో ఇబ్బంది లేదు. గెమిస్తా (అన్నం కూరిన టమాటాలు, క్యాప్సికమ్) ఆర్డర్ చేస్తే మాత్రం లోపల మాంసం ఉందేమో అడగండి, రెండు రకాలా చేస్తారు.

మామయ్య పొద్దున్నే పోర్టారా దాకా నడిచొచ్చేవారు, అది క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దంలో మొదలెట్టి పూర్తి చెయ్యని అపోలో గుడి ద్వారం, ఓడ దిగగానే కనపడుతుంది. కారు లేకుండా ఆయన రోజూ వెళ్ళగలిగారంటే మేం టౌన్ పక్కన దిగబట్టే. పాప ఆ మోకాలి లోతు నీళ్ళలోంచి బయటికి రానంటే రాననేది, నేను ఒడ్డున కూర్చుని నిజంగా ఒక పుస్తకం చదివాను, పిల్లలు పుట్టాక సముద్రం దగ్గర నాకది కుదరడం అదే మొదలు.

ప్రయాణం గురించి ఒక మాట. నాక్సోస్‌కి ఏథెన్స్ నుంచి చిన్న విమానాలున్నాయి కానీ ఆరుగురికి ఖరీదెక్కువ. ఏథెన్స్ ఓడరేవు పిరేయస్ నుంచి పొద్దున బయల్దేరే పెద్ద ఓడకి అయిదు గంటల పైన పడుతుంది, హైస్పీడ్ ఓడ ఇంకా తొందరగా వెళ్తుంది కానీ ఎక్కువ కుదుపు, గాలి పెరిగితే ముందు అవే రద్దవుతాయి. పెద్దవాళ్ళతో పెద్ద ఓడే ఎక్కండి, లగేజ్‌ని ఓడ కింది అంతస్తులో ద్వీపం పేరు రాసి ఉన్న అరల్లో పెట్టేసి పైకి వెళ్ళిపోవచ్చు. తిరుగు ప్రయాణంలో ఓడ దిగిన రోజే ఫ్లైట్ పెట్టుకోకుండా ఒక రాత్రి ఏథెన్స్‌లో ఉండేలా రూమ్ తీసుకున్నాం, గాలి బాగా ఎక్కువైతే పోర్ట్ వాళ్ళు ఓడల్ని ఆపేస్తారు కాబట్టి. ఆ ఏథెన్స్ రూమ్‌కి మాత్రం రెండే చూశా, లిఫ్ట్ ఉందా, ఎయిర్‌పోర్ట్ మెట్రో లైన్ మీద ఉందా అని.