నోటిఫై పిలుపు మాత్రమే, డేటా టేబుల్లోనే

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఆర్డర్ స్టేటస్ మారగానే బ్రౌజర్‌లో కనిపించాలంటే, అందులోనే ఉన్న లిజన్ (పిలుపు వినడం), నోటిఫై (పిలుపు పంపడం) కమాండ్లు చాలావరకు సరిపోతాయి. కాఫ్కా లాంటి విడి మెసేజ్ సిస్టమ్ దాకా పోనక్కర్లేదు. అయితే మారిన రో (టేబుల్లోని ఒక రికార్డు) మొత్తాన్ని జేసన్ టెక్స్ట్‌గా చేసి నోటిఫైలో పెట్టకండి. పేలోడ్, అంటే నోటిఫైతో వెళ్లే సమాచారం, 8000 బైట్లలోపే ఉండాలి. దాటితే ట్రిగ్గర్ (రో మారగానే దానంతటదే నడిచి నోటిఫై పంపే కోడ్) ఎర్రర్ కొట్టి, అసలు అప్‌డేటే రోల్‌బ్యాక్ అవుతుంది, అంటే రద్దవుతుంది. పైగా వినే కనెక్షన్ రెండు సెకన్లు తెగినా, ఆ మధ్య వచ్చినవి పోయినట్టే.

అందుకని మార్పులకు విడిగా ఒక టేబుల్ పెట్టండి. ఆర్డర్ అప్‌డేటూ, ఈ టేబుల్లో ఇన్సర్టూ ఒకే ట్రాన్సాక్షన్‌లో (అన్నీ కలిసి నిలిచే, లేదా అన్నీ కలిసి రద్దయ్యే మార్పుల కట్ట) జరగాలి. నోటిఫై ఖాళీగా పంపండి. ఒకే ట్రాన్సాక్షన్‌లో వెయ్యి రికార్డులు మారినా పిలుపు ఒక్కటే వస్తుంది, అదీ కమిట్ (మార్పులు ఖాయం) అయ్యాకే. మీ యాప్ సర్వర్ ఆ పిలుపు విని, చివర చదివిన ఐడీ తర్వాతవి టేబుల్లోంచి తెచ్చుకుంటుంది. కనెక్షన్ తెగి మళ్లీ కలిసినప్పుడు ముందు లిజన్, తర్వాత చదవడం. వరుస తిరగబడితే ఆ సందులో వచ్చినవి జారిపోతాయి.

చాలామంది దెబ్బతినేది ఐడీల దగ్గర. ఒక ట్రాన్సాక్షన్ 101 తీసుకుంది, ఇంకోటి 102 తీసుకుని ముందే కమిట్ అయింది. సర్వర్ 102 చదివి ముందుకెళ్లిపోయింది. ఆ తర్వాత కమిట్ అయిన 101ని ఇక ఎవరూ చూడరు. లాగ్‌లో ఎర్రర్ ఉండదు, కస్టమర్ స్క్రీన్ మీద మాత్రం పాత స్టేటసే. ఒక్కరే టెస్ట్ చేస్తే ఇది బయటపడదు. టేబుల్లోకి రాతలు మరీ ఎక్కువ లేకపోతే, ఇన్సర్ట్‌కు ముందు ట్రాన్సాక్షన్ ముగిసేదాకా ఉండే తాళం, pg_advisory_xact_lock, ఒకే కీతో తీసుకోండి. అప్పుడు ఐడీల వరుసా, కమిట్‌ల వరుసా ఒక్కటే అవుతాయి. బదులుగా ఆ ట్రాన్సాక్షన్లు ఒకదాని వెనక ఒకటి ఆగుతాయి కాబట్టి వాటిని చిన్నవిగా ఉంచాలి.

బ్రౌజర్ వైపు, డేటా ఒకవైపే వెళ్తుంది కాబట్టి రెండువైపులా నడిచే వెబ్‌సాకెట్ కన్నా ఎస్ఎస్ఈ (సర్వర్-సెంట్ ఈవెంట్స్: సర్వర్ నుంచి బ్రౌజర్‌కు తెరిచే ఉండే కనెక్షన్) హాయి. ప్రతి ఈవెంట్‌కూ ఆ టేబుల్ ఐడీనే ఇవ్వండి. తెగితే బ్రౌజర్ తానే తిరిగొచ్చి, లాస్ట్-ఈవెంట్-ఐడీ హెడర్‌లో ఎక్కడ ఆగిందో చెబుతుంది.

లోకల్‌లో బాగానే ఉండి సర్వర్ మీద అప్‌డేట్లు గుంపుగా వస్తుంటే, అది ముందు ఉండే వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్ చేసే బఫరింగ్ (డేటాను పోగుచేసి పంపడం). ఎక్స్-యాక్సెల్-బఫరింగ్ హెడర్‌ను 'నో' అని పంపండి. 60 సెకన్లు ఏమీ రాకపోతే మామూలు సెట్టింగ్‌లో ఎన్‌జిన్‌ఎక్స్ కనెక్షన్ తెంపేస్తుంది కూడా. 15 సెకన్లకోసారి కోలన్‌తో మొదలయ్యే ఖాళీ కామెంట్ లైను పంపితే చాలు. హెచ్‌టీటీపీ 1.1లో ఒక డొమైన్‌కు ఆరు కనెక్షన్లే కాబట్టి ఏడో ట్యాబ్ తిరుగుతూనే ఉంటుంది. హెచ్‌టీటీపీ 2 పెట్టండి.

లిజన్ కనెక్షన్ యూజర్‌కొకటి కాదు, సర్వర్ ప్రాసెస్‌కొకటి. అది పీజీబౌన్సర్ (డేటాబేస్ కనెక్షన్లను పంచే మధ్యవర్తి) ట్రాన్సాక్షన్ మోడ్‌లో పనిచేయదు, నేరుగా పోస్ట్‌గ్రెస్‌కే కలపండి.