మేస్త్రీని విలన్‌గా మార్చమన్నారు

మా సీరియల్‌లో విలన్ లేడు. ఛానల్ వాళ్లకూ మాకూ పేచీ అక్కడే మొదలైంది.

కథ పాలమూరు వలస కుటుంబానిది. నాగార్జునసాగర్, శ్రీశైలం లాంటి ప్రాజెక్టుల్లో రాళ్లు మోసి, మట్టి ఎత్తిన చేతుల్లో పాలమూరు చేతులెన్నో. పండగలు దాటాక, కూలీలను కూడగట్టి పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ ఇంటింటికీ తిరిగి అడ్వాన్సు ఇస్తాడు. అది చేతిలో పడీ పడకముందే పాత అప్పుకు జమైపోతుంది. ఆలుమగలు ముంబై, పుణె దారి పడితే పిల్లలూ ముసలివాళ్లూ ఊళ్లో మిగులుతారు. ఈ జిల్లాలో పుట్టి పెరిగిన మేమే ఆ ఇంటి లోపలి కథ చెప్పకపోతే ఇంకెవరు చెబుతారన్న పట్టుదలతో రాసుకున్నాం.

కాన్సెప్ట్ నోట్ తేలిగ్గానే గట్టెక్కింది. ఛానల్‌కు నమూనాగా చూపించే పైలట్ ఎపిసోడ్ మక్తల్ దగ్గర ఒక ఊళ్లో, మనుషులు కాపురముంటున్న ఇంట్లోనే తీశాం. అందులో నాకు ప్రాణమైన సీను ఒకటుంది. మేస్త్రీ గడప దగ్గర కూర్చుని నోట్లు లెక్కపెట్టి చేటలో పెడతాడు. ఇల్లాలు అందులోంచి కిరాణా కొట్టు బాకీ తీసి పక్కన పెడుతుంది. తర్వాత లేచి వెళ్లి, అత్తకు ఎన్నాళ్లు సరిపోతాయోనని గుమ్మిలోని జొన్నలను చేత్తో తడిమి చూస్తుంది.

"ఇంకో వెయ్యి సర్దరాదా అన్నా?"

"గుత్తేదారు నా చేతిలో పెట్టిందే ఇంత చెల్లెమ్మా. నా పిల్లలను కూడా మా అమ్మ దగ్గర వదిలే వస్తున్నాను."

హైదరాబాద్‌లో ఛానల్ క్రియేటివ్ హెడ్ ఆ సీనును రెండోసారి వేయించుకుని మరీ చూశారు. "చాలా బాగుంది సార్. కాకపోతే ఇక్కడ మేస్త్రీ ఆమె చెయ్యి పట్టుకోవాలి" అన్నారు. భర్తకు ముంబైలో ఇంకో సంసారం ఉండాలన్నారు. ఇల్లు మరీ చీకటిగా ఉంది, సెట్ వేయమన్నారు.

నాకు ఒళ్లు మండింది. మేస్త్రీ అదే ఊరివాడు, అదే అప్పులో కూరుకుపోయినవాడు. అతణ్ని కామాంధుణ్ని చేస్తే ఈ అప్పు ఎక్కడ పుడుతోందన్న ప్రశ్నే కథలోంచి ఎగిరిపోతుంది. చూసేవాళ్లు ఒక మనిషిని నాలుగు తిట్టి టీవీ కట్టేస్తారు. వలస వెళ్లే ఇళ్లలో అదే సీరియల్ చూసేవాళ్లకు మేం ఏమని జవాబు చెప్పాలి?

అయితే ఎదుట కూర్చున్న మనిషి దుర్మార్గుడేమీ కాదు. ఆయన భయమంతా గురువారం గురించే. ఏ కార్యక్రమాన్ని ఎంతమంది చూశారో లెక్కగట్టే సంస్థ బార్క్ రేటింగులు వచ్చేది ఆ రోజే. నిబంధనల ప్రకారం గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు వేయకూడదు కాబట్టి, ఆ కొద్ది నిమిషాల ధర ఆ అంకెలను బట్టే పలుకుతుంది. విలన్ లేని కథకు ప్రతి ఎపిసోడ్ చివర, మర్నాడు మళ్లీ చూడాలనిపించే హుక్ ఎక్కడినుంచి తెస్తారన్నది ఆయన ప్రశ్న. అడగవలసిన ప్రశ్నే.

అందుకే కళ, విలువలు అంటూ వాదించకుండా కాగితం మీద జవాబిచ్చాం. వన్‌లైన్ ఆర్డర్, అంటే ఒక్కో సీనుకు ఒక్కో వాక్యంగా రాసుకునే కథ వరుస, మళ్లీ రాశాం. కొట్టు బాకీ గడువు, సైటు నుంచి వచ్చే ఫోను, అత్తకు జబ్బు, బస్సు బయలుదేరే వేళకు జ్వరపడ్డ బిడ్డ... ఒక్కో ఎపిసోడ్ ఒక్కో గడువు దగ్గర ఆగేలా పేర్చాం. గుత్తేదారు గొంతు ఫోనులో వినిపిస్తుంది గానీ మనిషి ఎక్కడా కనిపించడు. అది వాళ్లకు నచ్చింది. మేస్త్రీ మేస్త్రీగానే మిగిలాడు. సెట్ విషయంలో మేం దిగివచ్చాం.

ఒప్పందం దగ్గర ఇంకో పోరాటం. ఛానల్ డబ్బుతో తీసే సీరియల్‌లో నిర్మాతకు ఎపిసోడ్‌కు ఇంత అని ముడుతుంది, హక్కులు మాత్రం సాధారణంగా ఛానల్‌కే పోతాయి. కథా రచయిత తన రాయల్టీ వాటాను వదులుకుంటున్నట్టు రాయించుకుంటే అది చెల్లదని 2012 కాపీరైట్ సవరణ చెబుతోంది. మా ఒప్పందంలోని అలాంటి వాక్యాన్ని మా వకీలు కొట్టేయించారు. ప్రధాన పాత్రల స్వభావం మార్చాలంటే మా లిఖిత అంగీకారం కావాలని కూడా అడిగాం. 'రచయితతో చర్చించాలి' అన్నంతవరకే ఒప్పుకున్నారు.

ఆ తేడా ఎంతటిదో ప్రసారం మొదలయ్యాక తెలిసింది. రేటింగు ఒక వారం జారగానే ముంబైలో రెండో సంసారం ట్రాక్ మళ్లీ బల్ల మీదికి వచ్చింది. చర్చ జరిగింది, ట్రాక్ కూడా వచ్చేసింది. నేను చేయగలిగిందల్లా ఆ రెండో ఆమెను కూడా అడ్వాన్సు తీసుకుని వచ్చిన కూలీగా రాయడం. ఆమె సీన్లకు డైలాగులు ఇంకెవరి చేతికీ ఇవ్వకుండా నేనే రాశాను.

ఇప్పుడు అదే ఛానల్ ఇంకో కథ అడుగుతోంది. ముసాయిదా ఒప్పందంలో 'చర్చించాలి' కొట్టేసి 'లిఖిత అంగీకారం తీసుకోవాలి' అని రాసి తిప్పి పంపాం. అది తేలేదాకా పైలట్‌కు కెమెరా పెట్టేది లేదని కూడా చెప్పేశాం.